590 అడుగుల వారి సముఖానికి బహిరంగ లేఖ

గ్రహీత: శ్రీయుత పూర్తి నీటిమట్టం వారు, సముద్రమట్టానికి 590 అడుగుల ఎత్తు, నాగార్జునసాగర్ జలాశయం, కృష్ణానది.

విషయం: ఎండాకాలపు సెలవుల్లో నాగార్జునకొండ ద్వీపాన్నీ, జలాశయపు ఒడ్డున ఉన్న దర్శనీయ స్థలాలనూ చూడవచ్చే వారి తరఫున విన్నపం.

ఆర్యా,

పర్యాటక స్థలాల బాగోగుల గురించిన బహిరంగ లేఖలను మంత్రులకో, కమిషనర్లకో రాయడం ఆనవాయితీ. కానీ మంత్రులు మారుతుంటారు, జిల్లాలు చీలుతుంటాయి, చివరికి రాష్ట్రమే రెండయింది కనుక, ఇన్ని మార్పుల నడుమ అడుగైనా కదలకుండా నిలిచిన అధికారి తమరొక్కరేనన్న నమ్మకంతో అర్జీదారులు ఈ విన్నపాన్ని నేరుగా తమకే సమర్పించుకుంటున్నారు. పూర్తి నీటిమట్టం అంటే, ఆనకట్ట వెనుక మామూలు పరిస్థితుల్లో నిలవ ఉంచదగిన నీటి ఎత్తును సముద్రమట్టం నుంచి కొలిచి చెప్పే అంకె. చూడటానికి అది ఇంజనీర్ల పుస్తకంలోని అంకె మాత్రమే అయినా, ఒడ్డు ఎక్కడ మొదలవ్వాలో, లాంచీ ఏ మెట్టు దగ్గర ఆగాలో, ఏ కొండ కొండగా ఉండిపోవాలో, ఏది ద్వీపం కావాలో నిర్ణయించేది అదే. ఈ జలాశయం మీద నీటిపారుదల, పురావస్తు, పర్యాటక, అటవీ శాఖలకు వేరువేరు అధికారాలున్నాయి గాని, ఆ నాలుగు శాఖలూ పొద్దున్నే చూసుకొనేది తమ ముఖమే.

1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసేనాటికి తమరు ఇంకా కాగితం మీది గీత మాత్రమే. నాగార్జునకొండ అప్పటికి ద్వీపం కాదు. మూడు వైపులా నల్లమల కొండల వరస, నాలుగో వైపు కృష్ణ ఉన్న లోయలో, మధ్యయుగపు కోట గోడలను మోస్తూ నిలబడిన ఒక గుట్ట. ఇసుక మేట వేసి కొన్ని ద్వీపాలను నది పుట్టిస్తుంది, నిప్పు కక్కి కొన్నింటిని సముద్రగర్భం పుట్టిస్తుంది. ఈ ద్వీపాన్ని మాత్రం ఒక అంకె పుట్టించింది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలిన నాటికి లోయ మునగడం మొదలై ఉంది. పూర్తిగా నిండినప్పుడు దాదాపు 285 చదరపు కిలోమీటర్ల మేర తమ ఏలుబడి సాగుతుంది.

ఆ లోయలో ఏముందో తమకు తెలియనిది కాదు. దాన్ని తమరే కప్పి ఉన్నారు. అయినా విన్నపాల్లో పూర్వోత్తరాలు చెప్పడం మర్యాద. శాతవాహనుల తరువాత, క్రీస్తుశకం మూడో శతాబ్దంలో, కృష్ణా తీరాన్ని ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అక్కడే ఉండేది. ఆ వంశానికి మూలపురుషుడైన వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు కాగా, అతని సోదరి శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యాన్ని పోషించింది. మేనల్లుడు వీరపురుషదత్తుడి ఆరో రాజ్యసంవత్సరంలో ఆమె దాన్ని పూర్తి చేయించినట్టు శాసనాలు చెబుతున్నాయి. చైత్యం అంటే ధాతువును, అంటే బుద్ధుడి అవశేషాన్ని, లోపల ఉంచి పైన అర్ధగోళంగా కట్టిన పూజాస్థలం. రాజులు యజ్ఞాలు చేస్తుంటే రాజకుటుంబపు స్త్రీలు విహారాలు కట్టించడం ఈ వంశపు చరిత్రలో ఒక విశేషమే అయినా, ఒకే ఇంట్లో రెండు మతాలు కలహం లేకుండా ఇమిడిన తీరు గురించి గైడ్లు ఇంకాస్త ఎక్కువసేపు మాట్లాడవచ్చునని అర్జీదారుల అభిప్రాయం. బోధిశ్రీ అనే ఉపాసిక, అంటే సన్యసించకుండా బౌద్ధధర్మం పాటించే గృహిణి, వేయించిన శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, వనవాసి, తామ్రపర్ణి వంటి దేశాల పేర్లు వరసగా ఉన్నాయి. అక్కడి జనాన్ని ధర్మం వైపు తిప్పిన సింహళ ఆచార్యుల కోసం ఆమె ఒక చైత్యగృహాన్ని సమర్పించింది. పల్నాటి లోయలో ఒక గృహిణి ఇంత ప్రపంచాన్ని ఒక్క రాతి మీదికి తెచ్చిన కాలంలో, అక్కడికి రావడానికి ఎవరూ తమరి అనుమతి అడగనవసరం లేకపోయింది.

శతాబ్దాల తరబడి మరుగున పడిన ఈ స్థలం 1926లో మళ్ళీ వెలుగులోకి వచ్చింది. సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు ఒక పురాతన స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేస్తే, శాసన పరిశోధన కార్యాలయంలో తెలుగు సహాయకుడిగా ఉన్న ఏ.ఆర్. సరస్వతి వచ్చి పరిశీలించారు. తరువాత 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపారు. అటు తరువాత తమరి రాక ఖాయమైంది. ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 వరకు లోయనంతా తవ్వి చూసిన పని మామూలు తవ్వకం కాదు. మామూలు తవ్వకంలో మిగిలినది మట్టిలోనే ఉండి తరువాతి తరానికి దొరుకుతుంది గనుక శాస్త్రజ్ఞుడు తొందరపడడు. ఇక్కడ మాత్రం తవ్వకుండా వదిలినది నీటి పాలవుతుందని అందరికీ ముందే తెలుసు. ఇంటి మీదికి జప్తు వచ్చే ముందు సామాను బయటపెట్టుకొనే కుటుంబానికి ఉండే హడావిడిని క్రమశిక్షణగా మార్చుకున్న పురావస్తు శాఖకు దక్కవలసిన కీర్తి ఇంకా పూర్తిగా దక్కలేదు. నైలు నది మీద అబూ సింబెల్ ఆలయాలను కోసి పైకి తరలించిన సంగతి ప్రపంచమంతటికీ తెలిసినా, దానికి ముందే కృష్ణ ఒడ్డున మొదలైన ఈ పని తెలుగు పిల్లలందరికీ తెలుసునని చెప్పలేం.

ముఖ్యమైన కట్టడాలు తొమ్మిదింటిని విడదీసి మళ్ళీ కట్టి, మరి పద్నాలుగింటికి పెద్ద నమూనాలు చేసి, కొండ మీదా కుడి ఒడ్డున అనుపు దగ్గరా నిలబెట్టారు. చుట్టూ మెట్ల వరసలతో దీర్ఘచతురస్రంగా ఉన్న క్రీడారంగం అనుపుకు చేరింది. మహాచైత్యం కొండెక్కింది. స్నానఘట్టం కూడా కొండెక్కింది. నీటిలోకి దిగడానికి కట్టిన మెట్లను నీటి నుంచి కాపాడటానికి నీరు లేని చోటికి మోసుకుపోవలసి రావడంలోని చమత్కారం తమరి హోదాకు తగినదే అయినా, ఎండలో ఆ పొడి మెట్ల ముందు నిలబడిన యాత్రికుడికి అదేమిటో వెంటనే బోధపడదు. చుట్టూ ఇంత నీరుండగా స్నానఘట్టం కొండ మీద ఎందుకుందని అడిగే పిల్లవాడే ఈ ద్వీపానికి వచ్చినవారిలో అసలైన చరిత్రకారుడు.

ఇక ఎండాకాలం సంగతి. తమరి హోదాను తమరు ఏటా నాలుగైదు నెలలైనా నిలబెట్టుకోలేరన్నది బహిరంగ రహస్యం. ఎగువన వర్షాలు బాగా కురిసిన ఏడు 26 క్రస్ట్ గేట్లు, అంటే ఆనకట్ట తలమీద నీటిని ఆపే, వదిలే తలుపులు, ఎత్తినప్పుడు జనం తండోపతండాలుగా వస్తారు. అప్పుడు తమరికి విన్నపాలతో పని లేదు. మే నెలకు మాత్రం తమరు 510 అడుగుల దిశగా దిగిపోతారు. కాలువలకు నీరివ్వడానికి లెక్కలోకి తీసుకొనే కనీస నీటిమట్టం అది. కరువు ఏడాదుల్లో దానికీ దిగువకు పోయిన సందర్భాలున్నాయి. 590కీ 510కీ మధ్య 80 అడుగుల తేడాలో దాదాపు 180 టీఎంసీల నీరుంది. ఒక టీఎంసీ అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. ఒడ్డు వెనక్కి జరుగుతుంది, నీటి మరకలు తేలిన రాతిగోడ బయటపడుతుంది, ద్వీపం చుట్టుకొలత పెరుగుతుంది, లాంచీ దిగినవాడు ఎక్కవలసిన ఎత్తూ పెరుగుతుంది. బడి సెలవులిచ్చే కాలమూ, జలాశయం ఖాళీ అయ్యే కాలమూ ఒకటే కావడం తెలుగు దేశపు సరస్సుల జాతకంలోనే ఉంది. ఎందుకంటే ఇక్కడి పెద్ద సరస్సుల్లో చాలావరకు వాడుకోవడానికి కట్టినవే గాని చూడటానికి పుట్టినవి కావు.

కాబట్టి సెలవులు పూర్తయ్యే దాకా 590 దగ్గరే కొలువుండమని అర్జీదారులు కోరడం లేదు. అలా కోరడానికి వారికి మొహం కూడా చెల్లదు. కుడివైపు జవహర్ కాలువ, ఎడమవైపు లాల్‌బహదూర్ కాలువ పంటలకు తీసుకున్నది పోగా, హైదరాబాదు కుళాయిల్లో వచ్చే కృష్ణా నీరు కూడా ఈ జలాశయం నుంచే పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి మీదుగా పంపినది. మట్టం మరీ పడిపోయినప్పుడు పుట్టంగండి దగ్గర అత్యవసర మోటార్లు బిగించవలసి వస్తుంది. అంటే నగరంలో పొద్దున్నే స్నానం చేసి, కారెక్కి, మధ్యాహ్నానికి రేవు చేరి, నీరు ఇంత కిందికి పోయిందేమని పెదవి విరిచే పర్యాటకుడు, ఆ దిగుదలలో తన వాటా సంగతి మరిచిపోయి మాట్లాడుతున్నాడన్నమాట.

తమకు ఎగువన శ్రీశైలంలో కొలువున్న 885 అడుగుల అన్నగారి పద్ధతి ఈ సందర్భంలో గమనించదగినది. ఆయన ఏలుబడిలో సంగమేశ్వరం గుడి ఉన్నచోటే మునిగి, మట్టం తగ్గినప్పుడు శిఖరంతో మొదలై మెల్లగా బయటపడుతుంది. ఎండాకాలం అక్కడ లోటు కాదు, దర్శన కాలం. జనం తేదీలు కనుక్కొని మరీ వస్తారు. కట్టడాన్ని కొండెక్కించి కాపాడిన చోట ఎండాకాలం నిందపాలయింది. మునగనిచ్చిన చోట ఉత్సవమయింది. దీనివల్ల తరలింపు తప్పని ఎవరూ అనరు. నీటి రాపిడికి ఏటేటా గోడలు కరగడం కన్నా ఎండలో ప్రశ్నార్థకంగా మిగలడం మేలు. అయితే తరలించిన చోట యాత్రికుడి చూపు కొండ మీదే ఆగిపోతుంది గనుక, కింద ఏముండేదో చెప్పే బాధ్యత చెప్పేవారి మీద రెట్టింపవుతుంది.

ఒడ్డున ఉన్న మిగతా వాటి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. చంద్రవంక వాగు మీది ఎత్తిపోతల జలపాతం సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకినా, వేసవిలో దాని ప్రాణం కుడి కాలువ వదిలే నీటిలో ఉంది, కనుక అది కూడా తమ కచేరీ ఉద్యోగే. ఎడమ ఒడ్డున 2022లో ప్రారంభమైన బుద్ధవనం విశాలమైనదే గాని, పగటి ఎండలో చూడదగినది కాదు. ద్వీపం మీది మ్యూజియానికి శుక్రవారం సెలవని తెలియక ఆ రోజునే బయలుదేరే కుటుంబాల అమాయకత్వం విషయంలో తమరు చేయగలిగింది లేదు.

అర్జీదారులు కోరేది స్వల్పం. తమరు ఏ రోజు ఎంత ఎత్తున ఉన్నారో ఆ అంకె రెండు రాష్ట్రాల రేవుల్లోనూ టిక్కెట్టు కిటికీ పక్కనే పెద్ద అక్షరాలతో కనపడాలి. కుడి ఒడ్డు నుంచి ఎక్కినా ఎడమ ఒడ్డు నుంచి ఎక్కినా చేరేది ఒకే ద్వీపం కనుక, ఈ ఒక్క విషయంలో రెండు రేవులూ ఒకే అంకె చెబితే నీటి తగాదాలో రెండు రాష్ట్రాల మధ్య ఆనకట్ట 13వ గేటు దగ్గర వేసిన కంచె ముళ్ళకు కూడా నొప్పి కలగదు. లాంచీ లోయ మీదుగా పోయేటప్పుడు సినిమా పాట కాసేపు ఆపి, విజయపురి వీధులు ఎటువైపు ఉండేవో, స్నానఘట్టం కృష్ణ ఒడ్డున ఎక్కడ ఉండేదో చెప్పించాలి.

చివరి కోరిక ఆయక స్తంభాలకు సంబంధించినది. ఆంధ్రదేశపు స్తూపాలకు నాలుగు దిక్కులా ముందుకు చొచ్చిన వేదికలుంటాయి. వాటి మీద బుద్ధుడి జననం, గృహత్యాగం, జ్ఞానోదయం, తొలి ఉపదేశం, పరినిర్వాణం అనే ఐదు ఘట్టాలకు గుర్తుగా ఐదేసి రాతి స్తంభాలు నిలబెడతారు. వాటికే ఆయక స్తంభాలని పేరు. ద్వీపపు రేవు దగ్గర, శిల్పమేమీ లేకుండా, అడుగుల గీతలు మాత్రం చెక్కిన ఒక స్తంభాన్ని కొత్తగా నిలబెట్టి, పైన 590, కింద 510, అంతకు కింద లోయ నేలమట్టం గుర్తించి, ఏ గీత దగ్గర ఏ కట్టడం ఉండేదో రాయించవలసిందిగా ప్రార్థన. ఖర్చు విషయంలో నాలుగు శాఖలూ పరస్పరం ఉత్తరాలు రాసుకోవడానికి కావలసినంత వ్యవధి ఉంది. స్తంభం పాతడానికి ఒడ్డు అనుకూలంగా ఉండేది ఎటూ ఎండాకాలంలోనే.

ఇట్లు,
తమరు దిగినప్పుడు మాత్రమే సెలవులు దొరికే పర్యాటకులు.

నకలు: శ్రీయుత 885 అడుగుల వారికి, శ్రీశైలం, సమాచారార్థం. పులిచింతల 175 అడుగుల వారికి, తగిన చర్య కోసం. 510 అడుగుల వారికి నకలు పంపడం లేదు. వారిని మేలో స్వయంగా కలుసుకోవడం జరుగుతుంది.