దాత పేరు ఎన్ని అంగుళాలు?

మా బావగారి మెడికల్ కాలేజీ బ్యాచ్‌కి పాతికేళ్లు నిండాయి. గుర్తుగా కాలేజీ ఆసుపత్రికి ఏదన్నా ఇద్దామని వాట్సాప్ గ్రూపులో తీర్మానించుకున్నారు. ఏమివ్వాలన్నది పదకొండు నిమిషాల్లో తేలిపోయింది. ఓపీ దగ్గర మంచినీళ్లకి ఆర్వో ప్లాంటు. రాయి మీద పేర్లు ఏ వరసలో చెక్కించాలన్నది మాత్రం మూడు నెలలైనా తేలలేదు. ఇచ్చిన సొమ్మును బట్టి వేయాలని అమెరికా వాళ్లు, రోల్ నంబర్ల ప్రకారం వేయాలని ఇక్కడ నర్సింగ్ హోములు పెట్టుకున్నవాళ్లు. అక్షర క్రమంలో వేసేస్తే గొడవ ఉండదు కదా అని గవర్నమెంటు సర్వీసువాళ్లు రాజీ చెప్పబోయారు. "అక్షర క్రమం ఇంటిపేరుతోనా, అసలు పేరుతోనా?" అని ఒక మత్తు డాక్టరు అడిగారు. అంతటితో గ్రూపు రెండుగా చీలింది. మా బావగారు రెండింట్లోనూ ఉన్నారు. పొద్దున్నే రెండింట్లోనూ గులాబీలు పెడతారు.

"రాయి కొలతెంత బావగారూ?" అనడిగాను.

"నాలుగడుగులకి మూడు. 67 పేర్లు పట్టాలి. పైన మంత్రిగారు, ఎమ్మెల్యేగారు, ప్రిన్సిపాల్‌గారు, సూపరింటెండెంటుగారు. వాళ్ల అక్షరాలు పెద్దవేయాలి కదా. పోగా మాకు మనిషికి అరంగుళం మిగిలిందోయ్."

ఆయన 25 వేలిచ్చారు. అంటే అంగుళం 50 వేలు పడింది. మా ఊరి మెయిన్ రోడ్డు మీద గజం స్థలం ఆ ధర పలుకుతోంది. ఊరుకోండి, అమెరికాలో రేటు ఇంకా ఎక్కువ అని ఓదార్చాను.

ఓదార్పుకి అన్నా అబద్ధం కాదు. లాస్ ఏంజెలెస్‌లో యూసీఎల్‌ఏ మెడికల్ స్కూలుకి 2002లో డేవిడ్ గెఫెన్ 20 కోట్ల డాలర్లిచ్చాడు. పాటల కంపెనీలు పెట్టి, సినిమాలు తీసి గడించిన మనిషి. అప్పట్నుంచీ ఆ స్కూలుకి ఆయన పేరే. ఆయన కథలో నాకు ముచ్చటేసేది డబ్బు కాదు. కుర్రతనంలో విలియం మోరిస్ ఏజెన్సీలో, ఉత్తరాలు పంచే గదిలో పనికి చేరుతూ, యూసీఎల్‌ఏలో డిగ్రీ పూర్తిచేశానని దరఖాస్తులో రాసేశాడు. చేయలేదు. కంపెనీవాళ్లు యూనివర్సిటీకి రాసి కనుక్కుంటారని తెలిసి, ఆ జవాబు వచ్చేదాకా ఉత్తరాల గదిలోనే కాపు కాశాడు. కవరు రాగానే పట్టేసి, కుర్రాడు పాసయ్యాడని తనే ఇంకో ఉత్తరం తయారుచేయించి పెట్టాడు. ఇదంతా తర్వాత ఆయన నోటితోనే చెప్పుకున్నాడు.

మన దగ్గర దొంగ సర్టిఫికెట్‌తో దొరికితే ఉద్యోగం పోతుంది, పేపర్లో పడుతుంది. అక్కడేమో, చదవకుండానే చదివానన్న మనిషి పేరిట ఉన్న బడిలో పిల్లలు ఏళ్లకేళ్లు నిద్ర మానుకుని చదివి డాక్టర్లవుతున్నారు. పూర్వ విద్యార్థి కావాలంటే ముందు విద్యార్థి కావాలన్న చాదస్తం మా బావగారి బ్యాచ్‌కే ఉన్నట్టుంది.

పేరు పెట్టించుకోవడానికే కాదు, తీయించడానికీ అక్కడ రేటుంది. న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో ఏవరీ ఫిషర్ పేరుతో ఒక సంగీత హాలుండేది. ఆ పేరు వదులుకోవడానికి ఫిషర్ కుటుంబానికి కోటిన్నర డాలర్లు ముట్టజెప్పి, 10 కోట్లిచ్చిన గెఫెన్ పేరు 2015లో తగిలించారు. మన గుళ్లలో అరుగుల మీద, మెట్ల మీద పేర్లు చెక్కించిన మహానుభావుల మనవలు ఈ సంగతి గమనించాలి.

శాన్‌ఫర్డ్ వైల్ మాత్రం అసలు సిసలు పూర్వ విద్యార్థి. 1955లో కార్నెల్ పట్టా పుచ్చుకున్నాడు, వాల్ స్ట్రీట్‌లో గడించాడు, 1998లో 10 కోట్ల డాలర్లిచ్చాడు. నూరేళ్లు నిండిన కార్నెల్ మెడికల్ కాలేజీ మీద ఆలుమగలిద్దరి పేర్లూ ఎక్కాయి. 2015లో ఆ దంపతులే అడిరాండక్ కొండల్లోని పాల్ స్మిత్స్ అనే చిన్న కాలేజీకి 2 కోట్ల డాలర్లిస్తామన్నారు, భార్య జోన్ వైల్ పేరు కలిపితే. కాలేజీ చంకలు గుద్దుకుంది. కాలేజీకి ఎప్పటికీ పాల్ స్మిత్ పేరే ఉండాలని ఎప్పుడో పోయిన ఆయన కొడుకు వీలునామాలో రాశాడు కనక కుదరదని కోర్టు చెప్పింది. పేరు రానందుకు డబ్బూ రాలేదు. దానం అంటే ఎడమ చేతికి తెలియకుండా కుడి చేత్తో ఇచ్చేదని మా నాయనమ్మ చెప్పేది. పాపం, ఆవిడకి లాయర్ల సంగతి తెలీదు.

అందరూ ఇలాగే ఉంటే నా కాలమ్ సుఖంగా గడిచిపోయేది. 2024లో న్యూయార్క్ ఐన్‌స్టీన్ మెడికల్ కాలేజీలో ఏళ్లపాటు ప్రొఫెసరుగా చేసిన రూత్ గాట్స్‌మన్ అనే పెద్దావిడ, భర్త వదిలివెళ్లిన షేర్లలోంచి 100 కోట్ల డాలర్లిచ్చి, కాలేజీ పేరు మాత్రం మార్చొద్దని షరతు పెట్టింది. పోనీ అది పరాయి దేశం అనుకుందామంటే మన గుంటూరుంది. 2022లో డాలస్‌లో జరిగిన గుంటూరు మెడికల్ కాలేజీ పూర్వ విద్యార్థుల సభలో డాక్టర్ గవిని ఉమాదేవి, గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో తల్లీపిల్లల బ్లాకుకి 20 కోట్ల రూపాయలు ప్రకటించారు. జన్మంతా కూడబెట్టినది. మీ పేరు పెడతామంటే వద్దన్నారు. పట్టుబట్టగా పట్టుబట్టగా కాలం చేసిన భర్త పేరుకి ఒప్పుకున్నారు. ఇలాంటివాళ్ల వల్లే వ్యంగ్యం రాసుకు బతికేవాళ్ల నోట్లో మట్టి పడుతోంది.

అమెరికా కుబేరుడు మైకేల్ బ్లూమ్‌బర్గ్ జాన్స్ హాప్కిన్స్‌లో చదువు ముగించిన మరుసటి ఏడు, 1965లో, కాలేజీకి పంపిన మొదటి విరాళం 5 డాలర్లు. 2024లో అదే చేత్తో 100 కోట్ల డాలర్లిచ్చి, అక్కడ మెడిసిన్ చదివే పిల్లల్లో ఎక్కువమందికి ఫీజు లేకుండా చేశాడు. ఆ 5 డాలర్లు మా బావగారి గ్రూపుకి పంపి ఉంటే రాయి మీద ఒక చుక్కైనా దక్కేది కాదు.

అంకెల సంగతలా ఉంచి నాకు కుళ్లు పుట్టించేది ఇంకోటుంది. ఐన్‌స్టీన్ కాలేజీలో ఏడాది ఫీజు అప్పటిదాకా 59 వేల డాలర్ల పైమాటే. వచ్చిన 100 కోట్లతో కొత్త మేడ లేపేసి రిబ్బన్ కత్తిరించలేదు. అసలు కదపకుండా, దాని మీద వచ్చేదానితో ఏటా పిల్లల ఫీజులు గడుస్తాయి. పొలం ఉంచుకుని పంట తింటారన్నమాట. మనం పొలం అమ్మి ప్రారంభోత్సవం భోజనాలు పెడతాం. మర్నాటి నుంచి కట్టడానికి కరెంటెవరిది, ఊడ్చేవాడి జీతమెవరిదన్నది ఏ రాయి మీదా ఉండదు. ఫలానావారి జ్ఞాపకార్థం మోటారు రిపేరు అని నేనింతవరకూ ఎక్కడా చదవలేదు.

ఆర్వో ప్లాంటు ప్రారంభమైన ఐదో నెలలో మా పిన్నిని మోకాళ్లకి చూపించడానికి ఆ ఓపీకే తీసుకెళ్లాను. ప్లాంటుకి తాళం. గ్లాసు కట్టిన గొలుసుంది, గ్లాసు లేదు. కుళాయి కింద తొట్టెలో ఎవరో ఇడ్లీ పొట్లం కాగితం పడేశారు. పైన రాయి మాత్రం నిగనిగలాడుతోంది, మొహం చూసుకోవచ్చు.

"ఫిల్టరు పోయింది సార్. ఆఫీసోళ్లు మాది కాదంటన్నారు. ఎదురు కొట్లో బాటిల్ దొరుకుద్ది," అన్నాడు సెక్యూరిటీ కుర్రాడు.

తాళం, తొట్టె, రాయి అన్నీ కనిపించేలా ఫొటో తీసి బావగారికి పంపాను. నిమిషంలో ఫోనొచ్చింది.

"ఏమోయ్, పెద్దది చేసి చూశావా? నా ఇనీషియల్ తప్పు పడింది!"

ఆ ఒక్కటే కాదట, తొమ్మిదిమందికి పడ్డాయట. సాయంత్రానికి రెండు గ్రూపులూ మళ్లీ ఒకటైపోయాయి. కొత్త రాయికి చందాలు మొదలెట్టారు.