బ్యారెల్ ఆర్డరు చీటీకి టీకా తాత్పర్యం

మూలం: ".22 ఎల్‌ఆర్, 416ఆర్ స్టీలు, 1-16, నాలుగు గాడులు, ల్యాపింగుతో, మూతి బిగువుగా, 24 అంగుళాలు."

అవతారిక: రిమ్‌ఫైర్ బెంచ్‌రెస్ట్ రైఫిలు కట్టించుకోదలచినవాడు బ్యారెల్ తయారీదారుకు పంపే చీటీ ఇది. వక్త షూటరు, శ్రోత ఆ పనివాడు. తుపాకి ప్రస్తావన ఉంది కదా అని వీరరసం అనుకోరాదు. కదలని బల్ల, దాని మీద ముందొక స్టాండు, వెనక ఒక ఇసుక సంచి, వాటి మీద పవళించిన రైఫిలు, కుర్చీలో కూర్చుని గాలిజెండాల వైపు చూసే మనిషి: ఇది శాంతరసం. 50 గజాల దూరాన ఒకే కాగితం మీద 25 గురులుంటాయి, గురికి ఒక్క తూటా. అమెరికాలో ఏఆర్ఏ పద్ధతిలో గురికి వంద చొప్పున 2,500, ఐఆర్ 50/50 పద్ధతిలో పదేసి చొప్పున 250 గరిష్ఠం. ఇరవైనాలుగు గుండ్లు నడిమధ్యన పడి ఒకటి వెంట్రుకవాసి జరిగితే షూటరు మొహంలో కనిపించేది కరుణ.

".22 ఎల్‌ఆర్" అనగా 1887లో అమెరికాలో స్టీవెన్స్ సంస్థ తెచ్చిన .22 లాంగ్ రైఫిల్ తూటా. నిప్పు పుట్టించే మందు దీని అంచు మడతలోనే ఉంటుంది, రిమ్‌ఫైర్ అనే పేరు అందుకే. ముందున్న సీసపు బుల్లెట్ 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు, పైన పలుచగా మైనం పూత. ఆ మందు అడుగు నడుమ ఉండే సెంటర్‌ఫైర్ తూటా వాడే షూటరు దాన్ని తానే నింపుకుంటాడు, మందు రవ్వంత పెంచో తగ్గించో బ్యారెల్‌కు నప్పించుకుంటాడు. రిమ్‌ఫైర్ షూటరుకు ఆ భాగ్యం లేదు. ఫ్యాక్టరీ పెట్టిందే ప్రసాదం. కాబట్టి ఇక్కడ బ్యారెలే వెళ్లి తూటాకు నప్పాలి. చీటీలోని తక్కిన పదాలన్నిటికీ హేతువు ఈ అస్వాతంత్ర్యమే.

"416ఆర్ స్టీలు": త్వరగా తుప్పు పట్టని, యంత్రం మీద సాఫీగా తెగే ఉక్కు. క్రోమ్‌మాలీ ఉక్కుతో గెలిచినవారూ ఉన్నారు. రిమ్‌ఫైర్ పీడనం చదరపు అంగుళానికి 24,000 పౌండ్లకు మించకూడదని నియమం, బుల్లెట్ చూస్తే మెత్తని సీసం. ఏ ఉక్కైనా వేలకు వేల గుండ్లకు నిలుస్తుంది. ఈ పదం మీద తర్జనభర్జన అనవసరం.

"1-16": ఇదే వివాదస్థలం. పదహారు అంగుళాల ప్రయాణంలో బుల్లెట్ ఒక పూర్తి చుట్టు తిరగాలని అర్థం. దీన్నే ట్విస్ట్ అంటారు. సెకనుకు 1,070 అడుగుల వేగంతో మూతి దాటే బుల్లెట్ అప్పుడు సెకనుకు ఇంచుమించు 800 చుట్లు తిరుగుతూ ఉంటుంది. తిరగకపోతే పొడుగాటి బుల్లెట్ గాలిలో పల్టీ కొడుతుంది. ఎంత తిప్పాలనే ప్రశ్నకు ఇంగ్లండులోని వూలిచ్‌లో లెక్కలు బోధించిన గ్రీన్‌హిల్ 1879లో ఒక సూత్రం చెప్పాడు: వ్యాసాన్ని వర్గం చేసి, 150తో హెచ్చించి, పొడవుతో భాగించాలి. వ్యాసం 0.224, పొడవు 0.47 అంగుళం పెట్టి చూస్తే సరిగ్గా 16 వస్తుంది. తూటా పుట్టకముందే దాని సూత్రం పుట్టి కూర్చుంది.

పాఠాంతరాలు: 1-16.5, 1-17, 1-18. ఇవి లేఖకదోషాలు కావు, బుద్ధిపూర్వకంగా రాయించుకున్నవే. వీరి పూర్వపక్షం ఇది. సీసపు బుల్లెట్‌లో గరిమనాభి ఎప్పుడూ నట్టనడుమ ఉండదు. బ్యారెల్‌లో ఉన్నంతసేపు ఆ తేడా బందీగా ఉండి, మూతి దాటగానే బుల్లెట్‌ను పక్కకు విసురుతుంది. తక్కువ తిప్పితే తక్కువ విసురుతుంది. పైగా మెత్తని సీసాన్ని గాడుల మధ్య గట్లు అంతగా నలపవు.

తర్కం సరైనదే. లెక్క కట్టి చూడాలి. గరిమనాభి 0.0002 అంగుళం పక్కకు ఉందనుకుంటే, 50 గజాల దగ్గర 1-16 దాన్ని 0.141 అంగుళం జరుపుతుంది, 1-18 అయితే 0.126. తేడా ఇంచుమించు అంగుళంలో అరవైనాలుగో వంతు. అంటే విసురులో తొమ్మిదో వంతు లాభం. స్థిరత్వమో, ట్విస్ట్ వర్గాన్ని బట్టి పడిపోతుంది. 16 నుంచి 18కి పోతే ఐదో వంతుకు పైగా తగ్గుతుంది. చలికి గాలి చిక్కబడినప్పుడు స్థిరత్వం ఇంకా తగ్గుతుంది. అయినా 50 గజాలకు 1-18 కూడా చాలుతుంది, దానితో మంచి కార్డులు కొట్టినవారున్నారు. సిద్ధాంతం: రెండు పక్షాలూ నిలుస్తాయి, ఏదీ రెండోదాన్ని ఓడించదు. ఏళ్ల తరబడి వాదించుకోవడానికి ఇంతకన్నా అనువైన విషయం దొరకదు.

అపవాదం ఒకటుంది. అగీలా సంస్థ 60 గ్రెయిన్ల పొడుగు బుల్లెట్‌తో ఒక తూటా చేస్తుంది. దానికి 1-16 చాలదు. చాలా బ్యారెళ్లలో అది అడ్డం తిరిగి, కాగితం మీద గుండ్రని రంధ్రానికి బదులు పక్కవాటు ముద్ర వేస్తుంది. బెంచ్‌రెస్ట్‌కు దానితో పని లేదు.

"నాలుగు గాడులు": మోంటానాలో లిల్జా మూడు గాడుల బ్యారెళ్లకు పేరు, టెక్సస్‌లో షైలెన్ వాలు అంచుల రాచెట్ బ్యారెళ్లకు పేరు. ఐదు, ఆరు, ఎనిమిది గాడులవీ గెలిచాయి. సంఖ్యకు విశేషార్థం వెతకడం వ్యాఖ్యాతల బలహీనత.

"ల్యాపింగుతో, మూతి బిగువుగా": చీటీకి ప్రాణపదం ఇది. రాసేవాడు ట్విస్ట్ అంకెను పెద్దక్షరాలతో రాసి దీన్ని చివర్లో ఇరికిస్తాడు. బటన్ పద్ధతిలో గట్టి కార్బైడ్ బటన్‌ను రంధ్రంలోంచి లాగితే ఉక్కు ఒత్తుకుని గాడులు పడతాయి. ఆ ఒత్తిడి లోహంలోనే నిలిచిపోతుంది. తర్వాత బ్యారెల్‌ను బయటినుంచి చెక్కి సన్నం చేస్తే లోపలి రంధ్రం ఆ మేరకు వదులవుతుంది. సన్నగా చెక్కేది మూతి వైపే కనుక వదులయ్యేదీ అక్కడే. సీసపు బుల్లెట్ మొదట్లో గట్లకు బిగిసి, చివర్లో పట్టు తప్పి బయటపడుతుంది. ఏ ట్విస్టూ దాన్ని ఆదుకోలేదు.

అందుకే ల్యాపింగు. కడ్డీ చివర సీసాన్ని బ్యారెల్‌లోనే పోతపోసి, రాపిడి పొడి పట్టించి, చేత్తో ముందుకూ వెనక్కూ లాగుతారు. ఛాంబర్ వైపు ఎక్కువ రుద్దితే రంధ్రం మూతి వైపు సన్నబడుతూ పోతుంది. ఆ సన్నం అంగుళాన్ని పదివేల వంతులు చేస్తే వాటిలో రెండు నుంచి ఐదు. మనిషి వెంట్రుక మందం దీనికి ఎన్నో రెట్లు. ఇంత సూక్ష్మాన్ని కొలిచే పనిముట్లు ఉన్నా, గన్‌స్మిత్ చివరికి నమ్మేది తన చేతినే. మెత్తని సీసపు ముక్కను నూనె రాసిన రంధ్రంలో పెట్టి కడ్డీతో నిదానంగా నెడతాడు. మంచి బ్యారెల్‌లో చేతికి ఒకే బరువు తగులుతూ, మూతి దగ్గర కొంచెం మొరాయిస్తుంది. నడుమ ఎక్కడైనా ముక్క జారిపోయిందా, బ్యారెల్ పక్కన పెట్టవలసిందే.

"24 అంగుళాలు": ఇక్కడ ధ్వని ఉంది, కావ్యశాస్త్రంలో ఆనందవర్ధనుడు చెప్పినది కాదు. 20 డిగ్రీల గాలిలో ధ్వనివేగం సెకనుకు 1,125 అడుగులు. మ్యాచ్ తూటా దానికి లోపలే, 1,050 నుంచి 1,080 మధ్య ఉంటుంది. ఆ సరిహద్దు దాటి దిగే బుల్లెట్‌కు దారిలో కుదుపు తప్పదు. కనుక పొడవు పెంచి వేగం తేవాలనే కోరికే లేదు. మందు పదహారు, పద్దెనిమిది అంగుళాల్లోనే పని ముగిస్తుంది, ఆపైన మిగిలేది రాపిడి. పొడవు తేల్చేది బ్యారెల్ వణుకు, ఆ వణుకును సర్దడానికి మూతికి బిగించే ట్యూనర్ బరువు.

అధ్యాహారం: చీటీలో లేకున్నా తెచ్చుకోవలసిన పదం తూటా లాట్, అనగా ఒకే విడతలో తయారైన తూటాల గుంపు. ఒకే పేరు, ఒకే ధర, ఒకే పెట్టె రంగు. ఒక లాట్ ఒకే రంధ్రంలో పడుతుంది, మరొకటి చెదురుతుంది. తూటాల సంస్థ ఈలీ తన పెట్టె మీద లాట్ అంకెతో పాటు వేగమూ అచ్చేస్తుంది. జర్మనీలోని షోనెబెక్‌లో మరో తూటాల సంస్థ లాపువా పరీక్షా కేంద్రానికి రైఫిలు పట్టుకెళ్లి, లాట్లన్నీ కాల్చి చూసి, కుదిరినదాన్ని వేల తూటాలుగా కొనుక్కుంటారు. 1-16, 1-18 బ్యారెళ్ల మధ్య ఉండే తేడా కన్నా రెండు లాట్ల మధ్య తేడా చాలాసార్లు పెద్దది.

తాత్పర్యం చెప్పాలంటే ముందు మూలాన్ని సవరించాలి. మూతి కోయవలసిన చోటు సీసపు ముక్క మొరాయించే చోటే. అది 24 దగ్గరే వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అంకె పట్టుకుని వదులు భాగంలో కోయించుకున్నవాడు మంచి బ్యారెల్‌ను చేతులారా పాడు చేసుకున్నట్టే. చీటీలో "24 అంగుళాలు" కొట్టేసి "బిగువు ఎక్కడుంటే అక్కడ కోయండి, 22కు తగ్గకపోతే చాలు" అని రాయడం సాధుపాఠం.