శేష జీవితం ప్రశాంతంగా గడపకండి

రిటైర్మెంట్ సభలో దండ వేసే ప్రతివాళ్లూ ఒకటే దీవిస్తారు: ఇక హాయిగా, ప్రశాంతంగా ఉండండి అని. ఆ మాట పట్టించుకోకండి.

దిగులు పడొద్దంటారు. పడండి. మా బావగారు రిటైరైన మొదటి సోమవారం ఇస్త్రీ చొక్కా తొడిగి, జేబులో పెన్ను పెట్టుకుని, పది దాటేదాకా వరండాలోనే కూర్చున్నారు. అక్కయ్య కాఫీ ఇచ్చి పక్కన కూర్చుంది. "ఎటు పోవాలో తెలీటం లేదే" అన్నారాయన. ఆ మాట పైకి వచ్చాకే ఆ ఇంట్లో మిగతా మాటలు సాగాయి. మంచి ఆలోచనలే చేయాలని నోరు నొక్కుకునుంటే అక్కయ్యకు ఆ బాధ తెలిసేదే కాదు.

వంటింట్లో సాయం చేయకండి. పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పడాన్ని చాలామంది సాయమనుకుంటారు. దానికి బదులు ఒక పని పూర్తిగా మీ పేర రాయించుకోండి. పొద్దున్నే పాలు కాచి కాఫీ కలపడమో, రైతుబజారో, ఏదైనా సరే. మీ ఆవిడ మళ్లీ ఆ పని గురించి తలచుకోనక్కర్లేకుండా చేయాలి. ఆవిడకు ఏ నెలాఖరునా విరమణ లేదని గుర్తుంచుకోండి.

పిల్లల దగ్గర మంచి అనిపించుకోకండి. గ్రాట్యుటీ అంతా వాళ్ల చేతిలో పోస్తే మళ్లీ రాదు. వాళ్ల కోసం పెన్షన్‌లో కొంత భాగం ముందే ఒకేసారి తీసుకుంటే, అంటే కమ్యుటేషన్ చేయించుకుంటే, నెలనెలా పడే కోత నిబంధన ప్రకారం 15 ఏళ్లు సాగుతుంది. "లేదమ్మా" అనడం ఇప్పుడే నేర్చుకోండి.

వాట్సాప్‌లో సుభాషితాలు పంపడం మానేసి, పక్కవీధి పెద్దాయన లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చారో లేదో కనుక్కోండి. అది ఏటా ఇవ్వకపోతే పెన్షన్ ఆగిపోతుంది. వేళ్లు అరిగి వేలిముద్ర పడనివాళ్లు జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపించి ఇవ్వచ్చు. ఫోన్ పట్టుకుని పక్కన నిలబడే మనిషి మాత్రం కావాలి. ఆ మనిషి మీరే కండి. ఇన్నేళ్లు ఫైళ్లు నడిపిన చేతికి అంతకన్నా తగిన పని నాకు తోచదు.

అన్యాయం కనిపిస్తే ఈ వయసులో మనకెందుకని ఊరుకోకండి. పెన్షన్ దయతో ఇచ్చేది కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ కేసు వేసిన డి.ఎస్. నకారా అప్పటికే రిటైరైన ఉద్యోగి.