కారని కప్పు, మానని పిల్ల

"ఇంకా పాలు మాన్పించలేదా?" అని ఇప్పుడు అడుగుతున్నవాళ్లంతా ఏడాది కిందట "పాలు సరిపోతున్నాయా?" అని అడిగినవాళ్లే. మనుషులు మారలేదు, గొంతులో జాలీ మారలేదు. ఈ రెండు ప్రశ్నలకూ నడుమ ఎక్కడో పిల్లకి పాలు సరిపోయిన రోజు, తల్లి ఇవ్వడం ఎవరికీ ఎబ్బెట్టుగా లేని రోజు, ఒక్కటైనా ఉండే ఉంటుంది కదా. అదెప్పుడు వచ్చి వెళ్లిందో ఈ వ్యాసం రాస్తున్న తల్లికి తెలియలేదు. బహుశా ఆ రోజు చుట్టాలెవరూ ఇంటికి రాలేదు.

అడగడానికి వేళా పాళా ఉండదు. గృహప్రవేశంలో అడుగుతారు, లిఫ్టులో అడుగుతారు, పంక్తిలో సాంబారు పోస్తూ గరిటె ఆపి మరీ అడుగుతారు. "ఏమే, ఇంకా ఇస్తున్నావా? పళ్లొచ్చేశాయి కదే!" అని ఒక పిన్ని ఆశ్చర్యపోయింది. పిల్లకి పళ్లొచ్చిన సంగతి ఊళ్లో అందరికంటే ముందు తెలిసేది తల్లికే. ఏ చోట తెలుస్తుందో పిన్నికి విడమరిచి చెప్పడానికి అక్కడ మగవాళ్లు ఉన్నారు.

"ఏడాది దాటాక అందులో పసేముంటుంది, ఉత్త నీళ్లు" అనేది రెండో మాట. దానికి ఆధారం లేదు. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వమని, తరువాత ఇంటి తిండి మొదలుపెట్టి, దాంతోపాటు రెండేళ్లదాకా, ఇష్టమైతే ఆ పైన కూడా ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ మాట చెబితే పిన్ని, "వాళ్లకేం, వంద చెబుతారు" అంది. కింది పోర్షన్‌లో ఉండే హైదరాబాదీ ఆంటీ ఒక్కతే, "రెండేళ్లు తాగనీ బేటీ, ఖురాన్‌లోనే ఉంది" అని తేల్చేసింది. నిజంగానే ఉంది. జెనీవాలోని సంస్థ, ఖురాను, కింది పోర్షన్ ఆంటీ ఒక్క మాటమీద నిలబడ్డా పిన్ని మాత్రం లొంగలేదు.

ఆఫీసు లెక్క ఇంకోటి. ప్రసూతి సెలవును 2017లో 26 వారాలకు పెంచారు, సంతోషమే. అందులో 8 వారాలదాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. కాళ్లు వాచి, క్యాబ్ ఎక్కలేక ముందే సెలవు పెట్టిన మనిషికి కాన్పయ్యాక మిగిలేవి 18 వారాలు. అంటే నాలుగు నెలలూ చిల్లర. ఆరు నెలలదాకా ఇంకేమీ పట్టొద్దని డాక్టరు. మధ్యలో తేడా వచ్చిన ఆ రోజుల్ని ఎవరి ఖాతాలో రాయాలి? పిల్లకి 15 నెలలు నిండేవరకూ పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇవ్వాలని 1961లోనే చట్టంలో రాశారు. పిల్ల మియాపూర్‌లో, తల్లి గచ్చిబౌలిలో ఉంటే ఆ విరామంలో ఏం చెయ్యాలో మాత్రం రాయలేదు. 50 మందీ ఆ పైనా పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని 2017లో చేర్చారు. ఈ తల్లి తన ఆఫీసులో ఆ సదుపాయం సంగతి అడిగితే ఎంతో మర్యాదగా ప్రింటర్ గది తాళం చేతిలో పెట్టారు. పాలు పిండుకుంటుంటే పక్కన ఎవరిదో అప్రైజల్ ఫారం ప్రింటవుతూ ఉండేది.

సరే, మాన్పించాలనే అనుకుందాం. ఎలా? ఈ విషయంలో మన ఇళ్లలో జ్ఞానానికి లోటు లేదు. వేపాకు నూరి రాయమంటారు. ముసాంబరం పూయమంటారు. కాకరకాయ రసం, కాఫీపొడి ముద్ద, ప్లాస్టరు అంటించి "బూచి కరిచింది" అని ఏడుపు మొహం పెట్టడం, చివరికి పిల్లని అమ్మమ్మగారి ఊరు బస్సెక్కించడం.

అత్తయ్య వేపాకు మెత్తగా నూరి చిన్న గిన్నెలో పెట్టి, దేవుడి ప్రసాదం ఇచ్చినంత శ్రద్ధగా చేతికిచ్చింది. ఇంటిల్లిపాదీ భాగవతం విన్నవాళ్లే. పూతన పూసుకొచ్చింది సాక్షాత్తూ విషం. కృష్ణుడు మానలేదు సరికదా, ఇంకాస్త గట్టిగా తాగాడు. ఆ కథలో చివరికి ఎవరు పడిపోయారో పిల్లలకు కూడా తెలుసు. అయినా ఈ పద్ధతి మన ఇళ్లలో ఎలా బతికి బట్టకట్టిందో అంతుపట్టదు. పిల్ల ఒక్కసారి మూతి ముడిచింది, తల్లి మొహంలోకి చూసింది, తల్లి నైటీ అంచుతోనే శుభ్రంగా తుడిచేసి పని కానిచ్చింది. మొన్న ఉగాదికి పచ్చడి మళ్లీ మళ్లీ అడిగి తిన్న పిల్ల ఇదేనని అప్పటిదాకా ఎవరికీ గుర్తు రాలేదు.

బస్సు పద్ధతిలో ఉన్న చిక్కు పిల్లది కాదు, తల్లిది. తాగేకొద్దీ ఊరేవి పాలు. తాగడం కొద్దికొద్దిగా తగ్గితే అవీ తగ్గుతాయి. ఒక్కసారిగా ఆపేస్తే రొమ్ములు బిగదీసి, గడ్డలు కట్టి, జ్వరం తగులుతుంది, ఒక్కోసారి చీము పట్టేదాకా పోతుంది. అందుకే ఒక్కో పూట మానిపిస్తూ, వారాల తరబడి తగ్గించమంటారు. దక్షిణాదిలో పాలు ఇంకడానికి మల్లెపూలు కట్టడం పాత చిట్కా. ఇది వట్టి అమ్మమ్మల కబురు కాదు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు మల్లెపూలనూ బ్రోమోక్రిప్టిన్ అనే మందునూ పక్కపక్కన పెట్టి చూశారు. పూలు కూడా పనిచేశాయని 1988లో ప్రచురించారు. ఆ కబురు తెలిసి ఈ తల్లి భర్తకు ఫోన్ చేసి, వచ్చేటప్పుడు మల్లెపూలు తెమ్మంది. ఆయన మూర తెమ్మంటే నాలుగు మూరలు, దాంతోపాటు పావుకిలో కోవా, కొత్త షేవింగు మొహం వేసుకుని వచ్చారు. పూలు దేనికో విన్నాక కోవా అంతా తనే తిన్నారు.

ఇక కప్పు.

డాక్టరుగారు ఆరో నెలలోనే చెప్పారు. పాలపీక జోలికి పోవద్దు, మూత లేని చిన్న గ్లాసుతో ఒక్కో గుక్క నీళ్లు అలవాటు చెయ్యండి, అని. పీకల మూలల్లో చేరే మురికితో పిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి. పాలసీసాలకూ పాలపొడులకూ ప్రకటనలు ఇవ్వడాన్ని మన దేశంలో 1992లోనే చట్టం చేసి ఆపారు. అంతవరకూ సవ్యంగానే ఉంది. ఆ తరువాత డల్లాస్‌లో ఉండే ఆడపడుచు సిప్పర్ పంపింది.

సిప్పర్ అంటే ఒక కప్పు కాదు, ఒక కుటుంబం. గిన్నె, మూత, మూతకు బిగించే చట్రం, రెండు చెవులు, పైన బాతుముక్కులాంటి కొమ్ము, లోపల వాల్వు. అన్నిటికంటే చిన్నది, అన్నిటినీ ఆడించేదీ ఆ వాల్వే. పారదర్శకమైన రబ్బరు బిళ్ల, మధ్యలో సన్నటి గీత. అది ఉంటే కప్పు తలకిందులు చేసినా చుక్క కారదు. లేకపోతే కప్పు షవర్ అవుతుంది. కడిగిన ప్రతిసారీ దాన్ని ఊడదీయాలి, లేకపోతే కింద నల్లగా బూజు పడుతుంది. ఊడదీసిన ప్రతిసారీ అది పోతుంది. సింకు తూములో దొరికింది, ఇడ్లీ ప్లేటు చిల్లుకు అంటుకుని దొరికింది, ఒకసారి పిల్ల బుగ్గలో దొరికి ఇంట్లో అందరి ప్రాణాలూ పైకి పోయాయి. ఆఖరిసారి అసలు దొరకలేదు. ఇల్లంతా వెతికి, అలమర జరిపి, చెత్తబుట్ట వార్తాపత్రిక మీద బోర్లించి చూశాక, అత్తయ్య తాపీగా, "ఆ రబ్బరా? కుక్కరుదనుకుని కుక్కరు డబ్బాలో పెట్టానమ్మా" అంది. నిజానికి కుక్కరుకు కూడా అది బాగానే సరిపోయేట్టుంది.

ఇంతకీ అసలు తమాషా ఏమిటంటే, వాల్వు బిగించాక ఆ కప్పులోంచి పాలు పైకి రావాలంటే గట్టిగా చప్పరించాలి. చప్పరించడం మాన్పించాలని కదా ఇంత హడావిడి! పిల్ల రెండుసార్లు చప్పరించి, తల్లివైపు చూసి, ఇంతోటి దానికి ఇదెందుకన్నట్టు కప్పును సోఫా కిందికి విసిరింది. అక్కడా చుక్క కారలేదు. కప్పు తన మాట నిలబెట్టుకుంది.

దీన్ని కనిపెట్టిన మనిషిమీద కోపంతో ఆయన చరిత్ర వెతికితే, పాపం ఆయనా ఒక తండ్రే. రిచర్డ్ బెలాంజర్ అనే అమెరికన్ మెకానికల్ ఇంజనీరు. 1980లలో కొడుకు ఇల్లంతా ఒలకబోస్తుంటే తుడవలేక, ఒలకని కప్పు చేసుకున్నాడు. తరువాత ప్లేటెక్స్ కంపెనీ దాన్ని తీసుకుని ఊరూరా అమ్మింది. గోడ నుంచి గోడకు కార్పెట్ పరిచిన ఇళ్లున్న దేశంలో పాలు ఒలికితే ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. మియాపూర్ ఫ్లాటులో ఉన్నవి టైల్స్. పాలు ఒలికితే తడిగుడ్డ వేసి కాలితో అటూ ఇటూ రెండుసార్లు అంటే అయిపోతుంది. డల్లాస్ కార్పెట్ బాధకు చేసిన మందును మనం తెలుగు టైల్స్ మీద వాడుతున్నామన్నమాట. ఆ కప్పు పిల్ల కోసం పుట్టలేదు, నేల కోసం పుట్టింది. తాగడం నేర్చుకోవాలంటే ఒలకబొయ్యాలి, ఒలకబొయ్యకుండా నేర్పే కప్పు నేర్పేది తాగడం కాదు. ప్రయాణానికి కావాలంటారా, తాతలనాటి మరచెంబు మూత తిప్పితే కాశీదాకా కారకుండా వెళ్లి వచ్చేది. దాని వాల్వు ఏ కుక్కరు డబ్బాలోనూ పోయిన దాఖలా లేదు.

తరువాత ఎవరో, ఎటు తిప్పినా తాగొచ్చు, కింద పడినా ఒలకదు అంటూ ఇంకో కప్పు బహుమతి ఇచ్చారు. ఇంజనీరింగ్ చదివిన భర్తగారు ముందు తను తాగి చూపించబోయారు. పెదవితో ఎక్కడ నొక్కాలో ఆయనకు అర్థమయ్యేలోపు పిల్ల నిద్రపోయింది.

కొమ్ము కప్పు మనకు కొత్తదేమీ కాదు. ఉగ్గుగిన్నె ఎరగని తెలుగిల్లు ఉందా? తల్లి దగ్గర చప్పరించే బలం లేని నెల తక్కువ పసికందులకు ఇప్పటికీ ఆస్పత్రుల్లో నర్సులు అలాంటి గిన్నెతోనే చుక్కచుక్కగా పాలు పడతారు. దీని పూర్వీకుల కోసం వెతుకుతూ వెళితే ఈ తల్లి ఓ అర్ధరాత్రి జర్మనీలోని బవేరియాలో తేలింది. అక్కడ కాంస్య, ఇనుప యుగాలనాటి చిన్న చిన్న మట్టి కప్పులు దొరికాయి, పక్కన కొమ్ముతో సహా. వాటి లోపలి మట్టిలో ఇంకిన కొవ్వును పరీక్షించి, అందులో పశువుల పాలు పోశారని 2019లో నేచర్ పత్రికలో ప్రకటించారు. ఐరోపాలో దొరికిన అలాంటి కప్పులు కొన్ని జంతువుల ఆకారంలో ఉన్నాయి, కాళ్లూ తలా పెట్టి, ఎవరో పిల్లని నవ్వించడానికి చేసినట్టు. ఇక్కడిదాకా చదివి, భలే, అప్పుడూ బాతు సిప్పర్లే అని నవ్వుకుంది. కిందనే ఇంకో వాక్యం ఉంది. పరీక్షించిన ఆ కప్పులు దొరికింది పసిపిల్లల సమాధుల్లో.

పిల్ల పక్కనే ఉంది, నోరు తెరుచుకుని, నిద్రలో కూడా గుటకలేస్తూ. అత్తయ్య తల్లికి పుట్టినవాళ్లందరూ దక్కలేదు. ఎంతమందో అత్తయ్య ఎప్పుడూ సరిగా చెప్పదు. ఆ కాలంలో "పాలు సరిపోతున్నాయా?" అన్నది ఊసుపోక అడిగే మాట అయి ఉండదు. పాలు చాలకపోతే ఏమవుతుందో చూసిన కళ్లు అడిగిన ప్రశ్న అది. పిల్లలు బతకడం మామూలైపోయాక కూడా ప్రశ్న మాత్రం నోళ్లలో మిగిలిపోయింది, ఎందుకు అడుగుతున్నామో అడిగేవాళ్లకే తెలియకుండా.

అయినా లిఫ్టులో అడగనక్కర్లేదు.

పిల్లకు చివరికి నచ్చింది తాతయ్య కాఫీ తాగే స్టీలు గ్లాసు. ఆ గ్లాసే కావాలి, అలాంటిది ఇంకోటి పనికిరాదు. మావయ్యగారు ఇప్పుడు కాఫీ గిన్నెలో తాగుతున్నారు. పిల్ల రెండు చేతులా గ్లాసు పట్టుకుని, ఉన్న నాలుగు పళ్లతో అంచు కొరికి, కళ్లు మెల్ల పెట్టి లోపలికి చూస్తూ ఎత్తుతుంది. పాలు ముందు ముక్కుకు తగులుతాయి. తరువాత నోట్లోకి కొంచెం, రెండు మూతి చివర్ల నుంచి గడ్డం మీదికి, గడ్డం నుంచి మెడ ముడతల్లోకి, అక్కడి నుంచి గౌనులోకి. గ్లాసు దించి, పూర్తిగా తాతయ్య లాగే, "హా..." అంటుంది. ఏడాది నిండింది కనుక గేదెపాలు పట్టొచ్చు, అయితే రోజుకు అరలీటరు దాటనివ్వద్దని డాక్టరు హెచ్చరించారు. దాటితే అన్నం తినదు, ఒంట్లో రక్తం తగ్గుతుంది. తల్లిపాలు మాన్పించకపోతే పిల్ల "అన్నం తినదు" అని పిన్ని అంటూ వచ్చిన మాట ఇన్నాళ్లకు నిజమైంది. కాకపోతే అది గేదె విషయంలో.

పగటిపూట పాలు ఒక్కోటిగా మానాయి. రాత్రి ఒకటి మిగిలింది. అది ఎప్పుడు మానుతుందో తల్లీ చెప్పదు, పిల్లా చెప్పదు. పిన్నికి తెలిసినా ఫరవాలేదు.

సిప్పర్లన్నీ ఒక అట్టపెట్టెలో కడిగి పెట్టి ఉన్నాయి. కావలసినవాళ్లు సాయంత్రం ఆరు దాటాక వచ్చి ఉచితంగా తీసుకెళ్లొచ్చు. వాల్వులు ఎవరివి వాళ్లే వెతుక్కోవాలి.