అయిదింటికి లేవాలట!

బళ్లు తెరిచారో లేదో మళ్లీ మొదలైంది. ఒక చేత్తో పుస్తకాల బిల్లు, ఇంకో చేత్తో ‘తల్లిదండ్రుల సెల్ఫ్‌కేర్ చాలెంజ్’. మీ వాట్సాప్ గ్రూపులోకీ వచ్చే ఉంటుంది ఆ లేత గులాబీ రంగు పోస్టరు. పద్మాసనం వేసుకుని, వెంట్రుక చెదరకుండా, కళ్లు మూసుకుని నవ్వుతున్న అమ్మ. చుట్టూ పిల్లల్లేరు, మొగుడు లేడు, అంట్ల గిన్నెలు లేవు. ఆ మాత్రం ఏకాంతం దొరికితే నేనూ నవ్వుతాను, పద్మాసనం వేయకుండానే.

అది చాలదన్నట్టు శనివారం వర్క్‌షాపు. హాజరు తప్పనిసరి. విశ్రాంతి ఎంత అవసరమో వినడానికి ఆఫీసులో సగం పూట సెలవు అడుక్కుని, చిన్నదాన్ని పక్కింటి ఆంటీకి అప్పజెప్పి, ఆటో ఎక్కి పరుగెత్తాం. హాలు నిండా అమ్మలే. నాన్నల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మైకు పట్టుకున్న కోచ్ మాత్రం మగాయనే.

ఆయన మొదటి సలహా: అయిదింటికి లేవండి.

తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. రాబిన్ శర్మ గారు 2018లో ఆ అయిదింటి మీద ఏకంగా పుస్తకమే రాశారు. అప్పట్నుంచీ మన కోచ్‌లకు తెల్లవారుజామంటే వాళ్లు కనిపెట్టిన వస్తువైపోయింది. లేచిన గంటను ఇరవై నిమిషాల చొప్పున మూడు ముక్కలు చేయాలట. ఒకటి ఒళ్లు వంచడానికి, ఒకటి ఆలోచించుకోవడానికి, ఒకటి కొత్తది నేర్చుకోవడానికి. ఒలికిన సాంబారు తుడవడం ఒళ్లు వంచడం కిందికి రాదట, అడిగాను.

మా సందులో అయిదింటికి ఎవరు లేచి ఉంటారో ఈయనకు తెలియదు కాబోలు. నల్లా వచ్చేది రోజు విడిచి రోజు. వచ్చిన రోజు మోటారు వేసి సంపు నిండేదాకా ఒక చెవి అటు పడేసి ఉంచాలి. రెండో చెవి కుక్కరు విజిల్ మీద. అత్తగారికి షుగరు మాత్ర టిఫినుకు ముందే అందాలి. పిల్లలిద్దరికీ రెండేసి బాక్సులు, పదిన్నరకు తినేదొకటి, మధ్యాహ్నం అన్నానిదొకటి. పదిన్నర బాక్సులో బిస్కెట్లు పెట్టొద్దనీ, గుగ్గిళ్లో పండ్ల ముక్కలో పెట్టాలనీ బడివాళ్ల ఆజ్ఞ. శనగలు రాత్రే నానబెట్టి ఉండాలి. ఏడూ పదికి మలుపు దగ్గర వ్యాను హారన్ మోగుతుంది. ఆ డ్రైవరు రెండు నిమిషాలకు మించి ఎవరికోసమూ ఆగడు.

ఇక ‘నా కోసం’ ఒక గంట కావాలంటే నాలుగింటికి లేవాలి. నాలుగింటికి లేవాలంటే తొమ్మిదింటికి పడుకోవాలి. తొమ్మిదింటికేగా బడి గ్రూపులో మెసేజీ వచ్చేది, రేపు సౌరకుటుంబం చార్టు తెమ్మని! స్టేషనరీ షాపువాడు తొమ్మిదిన్నరకు షట్టరు దించేస్తాడు. శని గ్రహానికి వలయాలు అతికించేసరికి పదకొండు. పిల్ల నిద్రపోయి అప్పటికి గంటన్నర.

“సార్, ఆ గంటలో ఇంటి పని ఎవరు చేస్తారు?” అని లేచి అడిగాను. ఆయన చల్లగా నవ్వి, “ముందు మీ మైండ్‌సెట్ మారాలి మేడమ్” అన్నాడు. నా మైండ్‌సెట్ మారితే కుక్కరు తనంతట తానే దిగుతుంది కాబోలు.

తక్కిన సలహాలూ విన్నాను. రోజూ మూడు కృతజ్ఞతలు డైరీలో రాయాలి. స్నానం నీళ్లలో గులాబీ రేకులు వేసుకోవాలి. విమానంలోలాగా ముందు మన ఆక్సిజన్ మాస్కు మనం పెట్టుకోవాలి. విమానంలో నయం, మాస్కు పైనుంచి దానంతటదే ఊడిపడుతుంది.

వెటకారం ఇక్కడితో ఆపుతాను, ఒళ్లు మండుతోంది. కేంద్ర ప్రభుత్వం చేసిన 2024 టైమ్ యూజ్ సర్వే చూడండి. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్లు 88. ఆ 88 కూడా పని ముట్టుకునే మగవాళ్ల లెక్కే. ముట్టుకోనివాళ్లు ఆ సగటులో లేరు. ఇంత తేడా కళ్లముందుంటే, అలసిన మనిషి దగ్గరికొచ్చి నువ్వు నిన్ను ప్రేమించుకోవడం లేదు అనడానికి నోరెలా వస్తుంది?

2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ పిల్లల సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసిరావచ్చు. మీ ఆఫీసులో ఉందా? ధ్యానం గది ఉంటుంది, బీన్ బ్యాగులుంటాయి. నాన్నలకైతే, ప్రైవేటు కంపెనీ పితృత్వ సెలవు ఇచ్చి తీరాలన్న కేంద్ర చట్టమే లేదు. ఉన్నదల్లా పెద్దల హితబోధ. వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారన్నారు. 90 అన్నారు ఎల్ అండ్ టీ చైర్మన్. ఇంట్లో కూర్చుని పెళ్లాం మొహం ఎంతసేపు చూస్తారని కూడా అడిగారు. ఇంట్లో కూర్చునే వీలు ఏ పెళ్లానికి ఉందో ఆయనే చెప్పాలి. 2025లో తెలంగాణ వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల పనికి దారి తెరిచింది, ఆంధ్రప్రదేశ్ కూడా అదే బాట పట్టింది. గంటలు లాక్కునేది వీళ్లు. పోయిన గంటను నిద్రలోంచి కోసుకోమనేది ఆ కోచ్. అలసట నాది, తప్పూ నాదే, మందూ నేనే కొనుక్కోవాలి. కొనమనే అన్నాడు లెండి, చివర్లో ఇరవై ఒక్క రోజుల కోర్సుకు క్యూఆర్ కోడ్ తెర మీద వేశాడు.

బడి యాజమాన్యానికి ఒక విన్నపం. మా మీద అంత ప్రేమ ఉంటే చార్టులు బడిలోనే, పిల్లల చేతులతోనే చేయించండి. రాత్రి ఏడు దాటాక గ్రూపులో మెసేజీ పెట్టకండి. వచ్చే శనివారం వర్క్‌షాపు రద్దు చేయండి.

నాన్నలకు ఇంకొకటి. ఆవిడకు స్పా వోచర్లు కొనకండి. ఈ ఆదివారం ఎనిమిదింటిదాకా నిద్రపోనివ్వండి. ఇడ్లీ పిండి ఫ్రిజ్‌లో రెండో అరలో ఉంటుంది. ఇడ్లీ రేకులు ఎక్కడున్నాయో అడగడానికి మాత్రం ఆవిణ్ని లేపకండి.