తూములేని స్వాగతద్వారము

టాలెమీ పేర్కొన్న ‘కొద్దూర’ బందరు చేరువనున్న మన గూడూరేయని పండితులు కొందఱు నిర్ణయించిరి గనుకను, బృహత్ఫలాయన జయవర్మ కొండముది శాసనమందలి ‘కుదూర’యు నిదియేయని మఱికొందఱు చెప్పుదురు గనుకను, చరిత్రవిషయమున ఈ యూరివారు ఎవరియెదుటను తలదించుకొనవలసిన పనిలేదు. పరమమాహేశ్వరుడైన యా రాజు తన విడిదినుండి బ్రాహ్మణులకు ఊరినే ధారపోసెను. నేటి భక్తుల ఔదార్యము అంతకును మించినది: రాజు తన భూమిని దానమిచ్చెను, వీరు రోడ్లు భవనాల శాఖవారి భూమిని దానమిచ్చుచున్నారు.

కృష్ణా డెల్టాలో ఏ రోడ్డు వెంట పోయినను ఈ దానక్రమము ఒక్కటే. మొదట రావిచెట్టు మొదలున పసుపు పూసిన రాయి వెలయును; కార్తికమునకు దానిపై రేకులు, సంక్రాంతికి ప్రహరీ, ఎన్నికలకు శ్లాబు. రాయికి మాఱుగా సిలువయున్నను, పచ్చజెండాయున్నను వరుస తప్పదు; ఈ యొక్క విషయమున మన మతసామరస్యము నిష్కళంకము. బహిరంగస్థలములందు కొత్తగా ప్రార్థనామందిరములు కట్టరాదని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరు 29న ఉత్తరువిచ్చినది. దేవతలు ఆ ఉత్తరువు చదివినట్లు లేదు.

మతము కట్టినదెల్ల అడ్డేయనుట నా యభిప్రాయము కాదు. 1843లో మిషనరీ నోబుల్ దొర బందరులో పెట్టిన బడి కళాశాలయై ఎందఱకో చదువు చెప్పినది. ఘంటసాల స్తూపమును త్రవ్వినవారు చూచినది మఱియు ముచ్చటైనది: బండిచక్రమువలె నడుమ కుంభి, చుట్టును ఆకులవలె ఇటుకగోడలు, వాని మధ్యగదులలో దట్టించిన మన్ను. ఒండ్రునేలపై బరువు నెట్లు నిలుపవలెనో ఆ బౌద్ధులు ఎఱిగియేయుండిరి.

ఆ విద్యకు మనము చేసిన సత్కారమో! పందొమ్మిదవ శతాబ్దమున మరామతు ఇలాఖావారు భట్టిప్రోలు స్తూపపు టిటుకలు రోడ్లకును, పాలరాళ్ళు వెల్లటూరు కాలువ తూమునకును తరలించిరి. నాడు దేవునిల్లు తీసి రోడ్డు వేసిరి. నేడు రోడ్డు తీసి దేవునిల్లు వేయుచున్నారు. ఋణానుబంధమన నిదియే కాబోలు!

ఈ యిచ్చిపుచ్చుకోలులో ఎవరికిని పట్టనిది మురుగుకాలువ. సముద్రమునకు చేరువైన ఈ సమతలమున వాననీరు కదలుటకే బద్ధకించును. దాని దారిలోనే మనవారు ఆ మందిరముల స్వాగతద్వారపు స్తంభమునకు పునాది త్రవ్వుదురు. తుపాను వచ్చిననాడు నీరు వెనుకకు మఱలి, ఏ మతమువారి గడపయని యడుగక లోనికి వచ్చును.

చందా పుస్తకములతో బయలుదేఱు పెద్దలకు మనవి: ద్వారము కట్టుడు, గోపురమంత యెత్తుగా కట్టుడు, క్రింద మాత్రము ఒక తూము పెట్టించుడు. శిలాఫలకముపై దాతల పేర్లు నాలుగు తగ్గించినచో ఆ ఖర్చు వెళ్ళిపోవును.