టోటల్ లాస్ మామ

తోకపల్లి దాటాక ఏ మలుపులోనైనా కారు పల్టీ కొడితే మొదటి ఫోను 108కి పోతుంది. రెండోది టోటల్ లాస్ మామకి. మూడోది ఇంటికి. మనుషులకి పెద్ద దెబ్బల్లేవని తెలిసిన క్షణం నుంచి ఆ కేసు మామదే. పది నిమిషాల్లో మోపెడ్ మీద దిగుతాడు. భుజాన తువ్వాలు, హ్యాండిల్‌కి విత్తనాల కంపెనీ ఉచితంగా ఇచ్చిన సంచి. ఆ సంచిలో ఎవరెవరివో పాలసీల జిరాక్సులు, రెండు పెన్నులు, అమృతాంజనం డబ్బీ.

ఇట్లాంటి మామ పెద్దారవీడులో ఉన్నట్టే మార్కాపురంలోనూ ఉంటాడు, కంభంలోనూ గిద్దలూరులోనూ ఉంటాడు. ఏజెంటు కాడు, వకీలు కాడు, మెకానిక్కు అసలే కాడు. ఎప్పుడో సొంత కారు చెట్టుకి గుద్దుకుని తుక్కయితే కంపెనీ చుట్టూ నెలల తరబడి తిరిగి డబ్బు రాబట్టుకున్నాడు. ఆ ఒక్క కేసే ఆయన చదువు. ఆ కథ చెప్పినప్పుడల్లా చెట్టు ఇంకాస్త లావవుతుంది, కంపెనీ ఇచ్చిన సొమ్ము ఇంకాస్త పెరుగుతుంది. అడ్డుపడి లెక్క అడిగేవాళ్ళు ఎవరూ లేరు. రేపు తమ కారు పడితే రావాల్సింది ఆయనే గదా.

వచ్చీ రాగానే దెబ్బల సంగతి అడగడు.

"ఎవరు తోలుతున్నారు?"

"మా బామ్మర్ది మామా."

"లైసెన్సు?"

"ఉంది."

"ఉందంటే యాడుంది అల్లుడూ? జేబులో ఉందా, ఇంట్లో ఉందా, మాటల్లో ఉందా?"

లైసెన్సు తేలితేగానీ మిగతా ఏర్పాట్లు మొదలుకావు. "బండి కదిలించమాకండి" అని ఒక కేక. నంబరు ప్లేటు కనపడేట్టు నాలుగు వైపులా ఫొటోలు. సాయం చేద్దామని బంపరు ముక్కలు ఏరి డిక్కీలో పెడుతున్న పిల్లోడికి రెండు చీవాట్లు. ఆ తర్వాత కంపెనీ టోల్‌ఫ్రీ నంబరు, స్పీకర్ పెట్టి, చుట్టూ చేరిన జనం అందరికీ వినపడేలా. అవతలి అమ్మాయి మర్యాదగా ల్యాండ్‌మార్క్ అడుగుతుంది. "గుడి కాడ వేపచెట్టు." ఏ సిటీ సార్ అంటుంది. "సిటీ ఏందమ్మా, ఇది పెద్దారవీడు!" ఈ సంభాషణ అయ్యేలోపు ఎవరో సోడా తెచ్చిస్తారు. మామ ఒక గుక్క తాగి, క్లెయిమ్ నంబరు అరచేతిలో రాసుకుంటాడు. సంచిలో అన్ని కాగితాలున్నా అది మాత్రం అరచేతిలోనే.

సర్వేయరంటే మామకి భయమూ ఉంది, లోకువా ఉంది. 1938 నాటి బీమా చట్టంలో 64యుఎం అని ఒక సెక్షను ఉంది. దాని ప్రకారం, బండి నష్టం 50,000 రూపాయలు దాటితే లైసెన్సున్న సర్వేయరు చూసి అంచనా కట్టాల్సిందే. 2024 జూన్‌లో బీమా నియంత్రణ సంస్థ గడువులు కూడా పెట్టింది: కబురందిన 24 గంటల్లో సర్వేయరుని పెట్టాలి, 15 రోజుల్లో రిపోర్టు తెప్పించుకోవాలి, రిపోర్టు అందిన 7 రోజుల్లో కంపెనీ ఏదో ఒకటి తేల్చాలి. ఈ మూడు అంకెలూ మామ జనగణమన లాగా నిలబడి చెబుతాడు. ఆ నియంత్రణ సంస్థ ఆఫీసు హైదరాబాదులో ఉండటం ఆయనకి కొండంత అండ. "బొంబాయిలో ఉంటే హిందీ కావాలి. ఈడైతే మనోళ్ళే గదా" అంటాడు. అక్కడికి ఆయన ఎన్నడూ పోలేదు.

సర్వేయరు వస్తే మజ్జిగ, మర్యాద, వేపచెట్టు కింద కుర్చీ. ఆయన మజ్జిగ వద్దంటే మామకి అనుమానం, తాగితే ఇంకా అనుమానం. ఆయన కారు చుట్టూ తిరిగినప్పుడు మామ కూడా ఒక అడుగు వెనకగా తిరుగుతూ, ఎవరితోనో అన్నట్టు, "సర్వేయరు రిపోర్టే ఆఖరి మాట కాదని 2009లో సుప్రీంకోర్టే చెప్పింది" అంటుంటాడు. నిజంగానే చెప్పింది, న్యూ ఇండియా అష్యూరెన్స్ కేసులో. చిక్కల్లా ఏమిటంటే మామ ప్రతి మాటకీ సుప్రీంకోర్టునే తోడు తెచ్చుకుంటాడు. షెడ్డులో టీ చల్లగా ఉన్నా ఆ కోర్టే ఏదో చెప్పి ఉంటుంది.

ఇక ఆయనకి ఆ పేరు తెచ్చిపెట్టిన లెక్క. కొత్తలో ఎనిమిది లక్షలున్న కారుకి పాలసీ తీసుకునే నాటికి మూడేళ్ళు దాటి నాలుగో ఏడు నడుస్తుంటే, పాత టారిఫ్ పట్టీ ప్రకారం నలభై శాతం తరుగు పోతుంది. మిగిలిన 4.80 లక్షలే ఐడీవీ, అంటే కంపెనీ లెక్కలో కారు విలువ. బాగుచేసే ఖర్చు అందులో 75 శాతం, అంటే 3.60 లక్షలు దాటితే అది టోటల్ లాస్. దాటకపోతే షెడ్డుకి తోలి రిపేరు చేయించుకోవాల్సిందే. అందులో జీరో డెప్ అనే అదనపు కవరు లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు సామాన్లకి సగం డబ్బు ఓనరే పెట్టుకోవాలి. అద్దాలకి మాత్రం తరుగు లేదు. అద్దాలు పగిలినందుకు మామ ఒక్కడే సంతోషిస్తాడు.

ఇక్కడ ఓనరు మనసు తిరగబడుతుంది. నిన్నటిదాకా కారుకి గీత పడితే అన్నం మానేసిన మనిషి, షెడ్డు వాళ్ళు 3.40 లక్షల ఎస్టిమేట్ ఇవ్వగానే దిగాలుపడిపోతాడు. ఇంకో ఇరవై వేల డ్యామేజీ అయ్యుంటే ఎంత బాగుండేది! మామ మెకానిక్కుని పక్కకి తీసుకుపోయి చాసిస్ వంగలేదా, స్టీరింగ్ ర్యాక్ చూశావా, కిందికి దూరి చూడు అని ప్రాణం తీస్తాడు. మెకానిక్కు దూరి చూస్తాడు. ఒక్కోసారి నిజంగానే వంగి ఉంటుంది. ఆ రోజు షెడ్డులో మిర్చి బజ్జీలు పంచుతారు. కారు పూర్తిగా పోయిందన్న శుభవార్తకి.

ఐడీవీ మీద బేరం ఆడబోయి మాత్రం మామ ఎప్పుడూ భంగపడే వస్తాడు. "సార్, ఐదుకి ఖాయం చేయండి, మీకూ మాకూ మాట ఉంటుంది" అని ఒంగోలు ఆఫీసు కౌంటరు మీద మోచేయి ఆనిస్తాడు. ఆ బేరం పాలసీ తీసుకునే నాడే అయిపోయిందని వాళ్ళు చెబుతారు. కాస్త ప్రీమియం మిగులుతుందని ఆనాడు ఐడీవీ తగ్గించుకున్నది ఈ అల్లుడే. బయటికొచ్చాక మామ అతన్ని తిట్టే తిట్లు ఇక్కడ రాసేవి కావు. షోరూము బిల్లు మొత్తం వచ్చే రిటర్న్ టు ఇన్వాయిస్ అనే అదనపు కవరు ఒకటుందని అందరికీ చెప్పేది మామే, అదీ కారు పోయిన తర్వాత. కంతులు బాకీ ఉంటే వచ్చిన డబ్బు ముందు ఫైనాన్స్ వాళ్ళ దగ్గరికి పోతుంది. ఆ సంగతి ఓనరు భార్యకి చెప్పే పని మామ పెట్టుకోడు, ఆ పూట మార్కాపురంలో ఏదో పని పడుతుంది.

తుక్కు కారు వేలం దగ్గర మాత్రం మామని మించినవాడు లేడు. పడమటి ప్రకాశంలో పొగాకు వేసిన మనిషికి వేలం ఒకరు నేర్పాలా? పొదిలి ఫ్లోరులో బేళ్ళు వరసగా పేర్చి, వ్యాపారి చూపు పడక నోబిడ్ అయిన బేలుని మళ్ళీ ఇంటికి మోసుకొచ్చిన వాళ్ళ ఊళ్ళివి. కంపెనీ ఆ తుక్కుని ఆన్‌లైన్‌లో వేలానికి పెడితే మొహం చూపని కొనుగోలుదారు ఎవరో లక్షా నలభై వేలకి పాడతాడు. అప్పుడు కంపెనీ 4.80 లక్షల్లోంచి ఆ 1.40 లక్షలూ, తప్పనిసరి కోత వెయ్యీ తీసేసి 3.39 లక్షలు ఇస్తుంది. మిగిలింది పాడినవాడి దగ్గర తీసుకోవాలి. బేలైతే ఆ సాయంత్రానికే ఎవరి పొగాకో మర్చిపోతారు. కారు అట్టా కాదు. సీ బుక్కు మీద పేరు ఉండిపోతుంది.

ఈ ఒక్క చోట మామ హాస్యాలాడడు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. కారు అమ్మేసి, అది ఇంకా కొన్ని చేతులు మారినా, రిజిస్ట్రేషన్‌లో పేరు మార్చని పాత ఓనరే ప్రమాద పరిహారానికి బాధ్యుడన్నది దాని సారాంశం. ఎక్కడో ఆ తుక్కుని అతికించి రోడ్డెక్కిస్తే, అది ఎవరినైనా గుద్దితే, నోటీసు పెద్దారవీడుకి వస్తుంది. అందుకే 29, 30 నంబరు ఫారాల మీద కొన్నవాడి సంతకం, ఆధార్ జిరాక్సు, చేతిలో పడేదాకా తాళం ఇవ్వనివ్వడు. బండి ఇక పనికిరానిదైతే 14 రోజుల్లో ఆర్టీఓ ఆఫీసుకి రాసివ్వాలని చట్టం చెబుతుంది. మామ ఆ కాగితం మీద తేదీ ముద్ర వేయించుకుని, మూడు జిరాక్సులు తీయించి, ఒకటి తన సంచిలో వేసుకుంటాడు. ఎందుకు మామా అంటే నవ్వుతాడు.

శివరాత్రి ఆయనకి సీజను. దోర్నాల మీదుగా శ్రీశైలం పోయే ఘాటులో సొంత కార్లు కూడా బాడుగకి తిరుగుతాయి. తెల్ల నంబరు ప్లేటు, లోపల ఏడుగురు భక్తులు, అందరూ ఓనరుకి 'చుట్టాలే'. ఏదైనా జరిగితే ఆ చుట్టాల్లో ఒకరు ఆసుపత్రిలో "రెండు వేలకి మాట్లాడుకున్నాం" అని పోలీసులకి చెప్పేస్తారు. కంపెనీ క్లెయిమ్ కొట్టేస్తుంది. అప్పుడు మామ 2010 నాటి ఇంకో సుప్రీంకోర్టు కేసు తీస్తాడు. సొంత పాలసీ ఉన్న బండి బాడుగకి తిరిగినా క్లెయిమ్ మొత్తం ఎగ్గొట్టకూడదు, కోత వేసుకుని మిగతాది ఇవ్వాలన్న కేసు అది. "మొత్తం రాదు అల్లుడూ, ముప్పాతిక అడుగుదాం" అంటాడు. శివుడి దర్శనం కాకుండానే వెనక్కి తిరిగినవాడికి ముప్పాతిక కూడా ప్రసాదమే.

సెకండ్‌హ్యాండ్ కారు కొని సీ బుక్కు మార్పించి, పాలసీ మార్పించని వాళ్ళంటే మాత్రం ఆయనకి ఒళ్ళుమంట. వాళ్ళకి టీ కూడా చెప్పడు.

మామ కీర్తి జిల్లా దాటింది 2024 సెప్టెంబరులో. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీళ్ళలో ఉన్న రోజులవి. కార్లు పైకప్పుల దాకా మునిగాయి. వెలిగొండ నీళ్ళు ఎప్పుడొస్తాయా అని ఏళ్ళుగా ఎదురుచూస్తున్న ఊరి మనిషికి అక్కడి చుట్టాల ఫోన్లు. బోరు వేస్తే దుమ్ము లేచే నేల మీద కూర్చుని ఆయన వాళ్ళకి చెప్పిన మాట ఒక్కటే: "స్టార్ట్ చేయమాకండి. తాళం తిప్పితే ఇంజను పోద్ది, ఇంజను పోతే నువ్వే పాడుచేసుకున్నావని కంపెనీ అంటది." సగం మంది అప్పటికే తాళం తిప్పేశారు. ప్రభుత్వం అక్కడ బీమా క్లెయిముల కోసం ప్రత్యేక కేంద్రం పెట్టించింది. తనని పిలవకుండా కేంద్రం ఎట్టా పెట్టారో మామకి నేటికీ అర్థం కాలేదు.

ఇంత చేసీ రూపాయి తీసుకోడు. బస్సు చార్జీ, మార్కాపురంలో బిర్యానీ, అంతే. డబ్బు ఖాతాలో పడ్డ రోజు మాత్రం ఓనరు వచ్చి సెంటర్లో నలుగురి ముందు ఆ అంకె గట్టిగా చెప్పాలి.

కంపెనీ ఎంతకీ దారికి రాకపోతే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నాడు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా మొర పెట్టుకుని ఒక నెల చూడాలి, ఆ తర్వాత ఆయన దగ్గరికి పోవచ్చు. 50 లక్షల దాకా వివాదాలు వింటాడు, పైసా ఫీజు లేదు, వకీళ్ళకీ ఏజెంట్లకీ అక్కడ చోటు లేదు. ఈ చివరి మాటే మామకి మింగుడుపడదు. ఓనరు ఒక్కడే మాట్లాడితే కేసేం కావాలి?

దానికీ దారి కనిపెట్టాడు. ఇప్పుడు విచారణ వీడియోలో కూడా జరుగుతుంది. ఓనరు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మంచినీళ్ళ చెంబుకి ఆనించిన ఫోను ముందు కూర్చుంటాడు. ఫోను వెనక, అవతలివాళ్ళకి కనపడకుండా మామ, చేతిలో మార్కాపురం పలకా బలపమూ. అక్కడ ప్రశ్న పడగానే ఇక్కడ పలక మీద జవాబు లేస్తుంది: 75%. 3.60. చాసిస్. అల్లుడు చదివి అప్పజెబుతుంటాడు.

"ఎటు చూస్తున్నారండీ?" అన్నారు ఒకసారి అవతలినుంచి.

"మామ వైపు సార్" అన్నాడు అల్లుడు, అలవాటుగా.

"మామా? ఏజెంటా ఆయన?"

మామ తువ్వాలుతో పలక గబగబా తుడిచి, పెద్ద అక్షరాలతో రాసి పైకెత్తాడు: మేనమామ.